లూర్సమ్మకు నూరేళ్ళు నిండలేదు

ఐలర్ట్ బ్రూనింగ్ మొదటిసారి ఆ సందులోకి సైకిలు తోసుకుంటూ వెళ్ళేసరికి, అతను చూడవలసిన ఎనభై తొమ్మిదేళ్ళ ముసలావిడ ఇంటి కప్పు మీద ఉంది. పెదాల మధ్య నాలుగు మేకులు, చేతిలో సుత్తి. గాలికి లేచిపోయిన తారుకాగితాన్ని మోకాలితో అదిమిపట్టి ఠకఠకా కొడుతోంది.

"ఎవరు నువ్వు?" అంది మేకుల సందులోంచి.

"నగర ప్రణాళికా కార్యాలయం నుంచండి. హెర్మీన లూర్స్ గారిని చూడాలి."

"చూశావుగా."

"అంటే... మీరు బతికే ఉన్నారా లేదా అని రాసుకెళ్ళాలండి."

"ఆ నిచ్చెన గట్టిగా పట్టుకో. లేకపోతే రెండోదే రాసుకోవాల్సొస్తుంది."

ఐలర్ట్ సైకిలు కంచెకు ఆనించి నిచ్చెన పట్టుకున్నాడు. అది 1978 ఏప్రిల్. అతనికి ఇరవై ఏడేళ్ళు, ఉద్యోగంలో చేరి మూడు వారాలు. చదువుకున్నది నగరాలు కట్టడం గురించి. చేతికిచ్చింది మాత్రం ఈ ముసలాళ్ళ జాబితా.

ఆ జాబితా కథ ఇది. 1944 ఆగస్టులో ఒక్క రాత్రిలో బ్రేమెన్ పడమటి పేటలు బూడిదైపోయాయి. మిగిలినవాళ్ళు రైలు పట్టాలు దాటి, అంతవరకూ క్యాబేజీ, గూస్‌బెర్రీ పండించుకున్న చిన్న చిన్న తోటల్లో చేరారు. శిథిలాల్లోంచి ఇటుకలు పిల్లల తోపుడు బళ్ళలో వేసుకొచ్చి గోడలు లేపారు. లూర్సమ్మ ఇంటి గడప కూలిన బ్యాంకు తాలూకు చలువరాయి, వంటింటి కిటికీ కాలిన ట్రాము తాలూకు అద్దం. యుద్ధం అయ్యాక మేయరు కూడా, వేరే ఇళ్ళెక్కడున్నాయి, అక్కడే ఉండండి అన్నాడు. తరవాత నగరం లేచి నిలబడి, వరస వరసలుగా అపార్ట్‌మెంట్లు కట్టి, ఇక రండి అని పిలిచింది. వీళ్ళు రామన్నారు. అప్పటికి వేసిన ఆపిల్ చెట్లు కాపుకొచ్చాయి మరి. ఏళ్ళ తరబడి తగువులాడుకుని, చివరికి 1974లో ఒక ఒప్పందం కుదిరింది. జాబితాలో పేరున్నవాళ్ళు చచ్చేదాకా ఉండొచ్చు. పోయిన మర్నాడు ఇల్లూ పోవాలి. ఇంకెవరూ అందులో కాపురం పెట్టకూడదు.

అంచేత, ఎవరి ఊపిరి ఇంకా ఆడుతోందో ఏటేటా వెళ్ళి చూసొచ్చే మనిషి ఒకడు కావాలి. ఐలర్ట్ చేతిలో ఉన్న ఫారం మీద ఒకే ఒక్క ప్రశ్న ఉంది: నివాసి జీవించి ఉన్నారా? అవును, లేదు.

లూర్సమ్మ కప్పు దిగింది. కాఫీ పోసి, పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు ముక్క ముందుపెట్టి, అతను "అవును" దగ్గర టిక్కు పెట్టేదాకా కళ్ళప్పగించి చూసింది.

"అంతేనా?"

"అంతేనండి."

"దీనికి కాలేజీలో ఎన్నాళ్ళు చదివావు?"

"ఆరేళ్ళండి."

"ఇంకో ముక్క తిను, పాపం."

ఆఫీసుకెళ్ళాక ఐలర్ట్ తన పై అధికారి రోడెవాల్డ్‌తో ఆవిడ ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉందని చెప్పాడు. రోడెవాల్డ్ మొహం మాడిపోయింది. ఆయన గదిలో గోడపొడుగునా ఒక పటం ఉంది. దాని మీద రేవు నుంచి హైవే దాకా, గీత కొట్టినట్టు తిన్నగా ఒక రోడ్డు, రోడ్డు పక్కన ఎనిమిది వందల లారీలు ఆగే మైదానం. ఆ మైదానం నట్టనడుమ పంటికింద రాయిలా లూర్సమ్మ సందు.

"కప్పెక్కిందా?" అన్నాడు రోడెవాల్డ్.

"ఎక్కిందండి."

"పడలేదా?"

"నేను నిచ్చెన పట్టుకున్నానండి."

రోడెవాల్డ్ పటం వైపు తిరిగాడు. "మన శాఖలో అది మన పని కాదు, బ్రూనింగ్," అన్నాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ప్రతి ఏప్రిల్‌లోనూ ఐలర్ట్ వెళ్ళడం, ఆవిడ "వచ్చావా, ఇంకా పోలేదు, కూర్చో" అనడం, కేకు. మొదట్లో అతనికి ఆశ్చర్యం, తరవాత అనుమానం. తొంభై దాటిన మనిషి అంత పొడుగు పార పట్టుకుని బంగాళాదుంపల మడి తవ్వుతుందా అని.

1980 వేసవిలో ఒక ఆదివారం అతను తన తండ్రి సమాధికి నీళ్ళు పోయడానికి వాలె పేట శ్మశానానికి వెళ్ళాడు. రెండు వరసల అవతల లూర్సమ్మ వంగి, ఒక రాయి ముందు పూలమొక్కలకు నీళ్ళు పోస్తోంది. నీళ్ళతోపాటు తిట్లు కూడా పోస్తోంది.

"నీ గుంట మీద కూడా గడ్డి తప్ప ఏదీ బతకనివ్వవు కదే హెర్మీనా. పిసినారి ముండా. నీళ్ళు తాగి పువ్వివ్వడానిక్కూడా ఏడుపే నీకు."

ఐలర్ట్ దగ్గరికెళ్ళి రాయి చదివాడు. బేకె లూర్స్, 1908–1976 అని ఉంది.

ఆవిడ వెనక్కి తిరిగి అతన్ని చూసింది. రాయిని చూసింది. డబ్బా కింద పెట్టింది.

"కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం పద," అంది.

అక్కాచెల్లెళ్ళిద్దరే. తల్లికి మొదటి కాన్పు హెర్మీన, చివరి కాన్పు బేకె, నడుమ పంతొమ్మిదేళ్ళు. హెర్మీన జనపనార మిల్లులో పనిచేసి, ఇటుకలు మోసి ఆ ఇల్లు కట్టుకుంది. బేకె నలభై ఏళ్ళు ఓడ కళాసీల హాస్టల్లో వంటమనిషి. 1973లో హాస్టలు మూసేస్తే పెట్టె పట్టుకుని అక్క దగ్గరికొచ్చింది. మూడేళ్ళకు అక్క పోయింది. పోయిన గంటకు పక్కింటి హిన్నెర్క్ వచ్చాడు. రేవులో బస్తాలు మోసి రిటైరైన మనిషి, పావురాలు పెంచుతాడు. "జాబితాలో మీ అక్క పేరే ఉంది, నీది లేదు. వారంలో బుల్‌డోజరొస్తుంది" అన్నాడు. ఇద్దరూ శవం పక్కన కూర్చుని చెరో గ్లాసు సారా తాగి ఆలోచించారు. డాక్టరు ముసలాడు, చూపు ఆనదు. పోయింది ఎవరని అడిగితే, చెల్లెలు బేకె అన్నారు. ఆయన అదే రాశాడు.

"అంటే మీరు..."

"నేను పోయి నాలుగేళ్ళయింది. పాదాలు తప్ప ఏం నొప్పుల్లేవు."

"మీకు నిజంగా ఎన్నేళ్ళు?"

"డెబ్భై రెండు. ఏం, అంతకంటే ఎక్కువ కనిపిస్తున్నానా?" అని, "ఇప్పుడేం రాసుకుంటావు?" అని అడిగింది.

ఐలర్ట్ ఆలోచనలో పడ్డాడు. అతను ఉండేది నగరం తూర్పు చివర కట్టిన టవర్లలో, పదకొండో అంతస్తులో. లిఫ్టు వారంలో మూడు రోజులు పనిచేస్తుంది. పక్కింటివాళ్ళ పేరు అతనికి తెలియదు. వాళ్ళకు గోడలోంచి వినిపించే అతని దగ్గు మాత్రమే తెలుసు. ఈ బ్రేమెన్ మొత్తంలో తను ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసే మనిషి ఒక్కతే ఉంది, ఆవిడేమో కాగితం ప్రకారం చచ్చిపోయింది.

"ఫారంలో ఒకటే ప్రశ్న ఉందండి. నివాసి జీవించి ఉన్నారా అని. మీరు నివాసి. జీవించి ఉన్నారు," అన్నాడు.

"ఆరేళ్ళ చదువు ఊరికే పోలేదురా అబ్బాయ్," అంది బేకె.

ఆ రోజు నుంచి అతను "ఒరేయ్" అయిపోయాడు. ఏప్రిల్ ఒక్కటే కాదు, గడ్డకట్టే చలిలో కేల్ ఆకుకూర, ఓట్స్ గింజలు కూరిన సాసేజి వండినప్పుడల్లా వెళ్ళేవాడు. సందులో ముసలాళ్ళు ఒక్కొక్కరే పోయారు, ఒక్కో ఇల్లే కూలింది. పదేళ్ళలో పదిహేడిళ్ళ సందులో రెండిళ్ళు మిగిలాయి, బేకెది, హిన్నెర్క్‌ది. రోడెవాల్డ్ పటం మీద రెండు ఎర్ర గుండుసూదులు.

వాళ్ళు ఊహించనిది ఒకటే. హెర్మీనకు వయసు పెరుగుతూ పోయింది. 1989 మార్చిలో ఆఫీసుకొక ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ పదకొండున హెర్మీన లూర్స్ గారికి నూరేళ్ళు నిండుతున్న శుభసందర్భాన నగరసభ తరఫున సభ్యులు డాక్టర్ ఓస్మర్స్ గారు స్వయంగా వచ్చి పుష్పగుచ్ఛం అందజేస్తారు, పత్రికలవాళ్ళు కూడా వస్తారు, ప్రణాళికా కార్యాలయం తగిన ఏర్పాట్లు చూడవలసింది అని.

ఐలర్ట్ సైకిలు తొక్కిన వేగానికి గొలుసు ఊడింది.

"రానీ," అంది బేకె. "కాఫీ పోస్తాను."

"మీకు ఎనభై ఒకటి. వాళ్ళకు వందేళ్ళావిడ కావాలి."

"ఎనభై ఒకటికీ వందకీ తేడా చూడగానే తెలుస్తుందా? అటు వెళ్ళి చూసొచ్చినవాళ్ళు ఎవరున్నారు?"

అయినా పది రోజులు సాధన చేశారు. హిన్నెర్క్ ఎక్కణ్ణించో ఒక చక్రాల కుర్చీ తెచ్చాడు. జుట్టుకు పిండి రాసి చూశాడు. ఐలర్ట్ ఎదురుగా కూర్చుని విలేఖరిలా అడిగేవాడు.

"మొదటి యుద్ధం వచ్చినప్పుడు మీ వయసెంత?"

"ఆరు."

"ఇరవై అయిదు."

"ఇరవై అయిదు. పెళ్ళెందుకు కాలేదో కూడా అడుగుతారేమో?"

"ఎందుకు కాలేదు?"

"హెర్మీనను ఎవరు చేసుకుంటారు? దాని మొహం చూసి పాలు విరిగేవి."

"ఇప్పుడు హెర్మీన మీరేనండి."

"అదేరా నా ఏడుపు."

ఏప్రిల్ పదకొండున సందు చివర మూడు కార్లు ఆగాయి. డాక్టర్ ఓస్మర్స్ తళతళలాడే బూట్లతో బురదలో ఆచితూచి అడుగులేస్తూ వచ్చాడు. వెనక రోడెవాల్డ్, చేతిలో ఓస్మర్స్ ఇవ్వబోయే పుష్పగుచ్ఛం. ఆ ఇంటిని కూలగొట్టాలని పదిహేనేళ్ళు తపస్సు చేసిన మనిషికి దాని గడపలో పూలు పట్టుకుని నవ్వాల్సొచ్చింది. ఆ నవ్వు చూసి హిన్నెర్క్ పావురాల గూటి వెనక్కి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు.

బేకె దుప్పటి కప్పుకుని చక్రాల కుర్చీలో తల వణికిస్తూ కూర్చుంది. ఓస్మర్స్ ప్రసంగం చేశాడు. శిథిలాల నుంచి లేచిన నగరం, దాని తల్లుల త్యాగం, ఇలా. ఆ తల్లుల ఇళ్ళు ఆ సందులో పదిహేను నేలమట్టమయ్యాయి కాబట్టి ఆయన చేతులు చాచిన వైపల్లా ముళ్ళపొదలే ఉన్నాయి.

తరవాత విలేఖరి అమ్మాయి పుస్తకం తెరిచింది. "మొదటి యుద్ధం మొదలైన రోజు మీకు గుర్తుందా అమ్మా?"

"ఎందుకు గుర్తులేదు? బడికి సెలవిచ్చారు," అంది బేకె.

ఐలర్ట్ దుప్పటి సర్దుతున్నట్టు వంగి ఆవిడ భుజం నొక్కాడు.

"ఇరవై అయిదేళ్ళకు బడికెళ్ళేవారా?"

బేకె తల వణికించడం ఆపి, ఆ అమ్మాయిని జాలిగా చూసింది. "బడి ఊడ్చేదాన్ని తల్లీ. అందరూ చదువుకుంటే ఊడ్చేదెవరు?"

అమ్మాయి సిగ్గుపడి రాసుకుంది. అంతా గట్టెక్కేదే. కానీ ఫొటోగ్రాఫరు ఇల్లు మొత్తం పట్టాలని వెనక్కి, ఇంకా వెనక్కి నడిచాడు. నడుస్తూ నడుస్తూ ఎరువు గుంటలో పడ్డాడు. చంకల దాకా దిగిపోయాడు. అందరూ కొయ్యబారిపోయి చూస్తున్నారు. బేకె దుప్పటి విసిరేసి, కుర్చీలోంచి లేచి, మూడంగల్లో గుంట దగ్గరికెళ్ళి, కాలరు పట్టుకుని అతన్ని బయటికి ఈడ్చింది. ఈడ్చి, "కొత్తగా వేసిన పేడరా, చూసుకోనక్కర్లా?" అని కసిరింది.

బేకె కుర్చీ వైపు చూసింది, ఐలర్ట్ వైపు చూసింది. నెమ్మదిగా వెళ్ళి కూర్చుని మళ్ళీ తల వణికించడం మొదలుపెట్టింది.

"అద్భుతం," అన్నాడు డాక్టర్ ఓస్మర్స్, కళ్ళు చెమర్చి. "ఇదీ మన పాత తరం."

మర్నాడు పేపర్లో మొదటి పేజీ. నూరేళ్ళ ఉక్కుమనిషి అని శీర్షిక. ఆయుష్షు రహస్యం ఏమిటన్న ప్రశ్నకు బేకె చెప్పిన జవాబు పెద్ద అక్షరాల్లో: పెళ్ళి చేసుకోలేదు, డాక్టర్ల మాట వినలేదు, ఇల్లు వదల్లేదు. పక్కన బొమ్మలో ఆవిడ, ఓస్మర్స్, పూలతో రోడెవాల్డ్. ఆ బొమ్మ పడ్డాక ఇక ఆ ఇంటి వైపు వేలు చూపించే ధైర్యం నగరంలో ఎవరికీ లేకపోయింది.

"ఆవిడ ఇంకా ఎంతకాలం బతుకుదామనుకుంటోంది?" అన్నాడు రోడెవాల్డ్.

"నేను అడగలేదండి."

"అడుగు."

ఆ మరుసటేడు చలికాలం ముందు ఆఫీసు కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని పడింది. 1974 నాటి జాబితా డ్రాయర్లు ఐలర్ట్ వాటాకొచ్చాయి. లూడర్స్ అన్న ఎవరిదో కార్డు తీస్తే, దాని వెనక తుప్పుపట్టిన పిన్నుకు ఇంకో కార్డు అతుక్కుని వచ్చింది. అతను అది రెండుసార్లు చదివాడు. తలుపు వేసొచ్చి మూడోసారి చదివాడు.

లూర్స్, బేకె. జననం 1908. 1973 అక్టోబరు నుంచి ఇదే ఇంట్లో నివాసం. జీవితాంతం ఉండే హక్కు కలదు. నమోదు చేయించినవారు: అక్క, హెర్మీన లూర్స్. కింద పెద్ద పెద్ద అక్షరాల్లో ఆవిడ సంతకం.

చెప్పాలా వద్దా అని అతను వారం రోజులు కొట్టుకున్నాడు. చెబితే ఏం ఒరుగుతుంది? చెప్పకపోతే ఆ కేకు గొంతు దిగుతుందా? శనివారం వెళ్ళాడు. బేకె వంటింట్లో కేల్ ఆకులు కాడల్నించి దూస్తోంది.

"ఏప్రిల్ కాదే. పోయానని ఎవరైనా కబురు పెట్టారా?"

అతను కార్డు బల్ల మీద పెట్టాడు. ఆవిడ చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. చదివి పక్కన పెట్టి, మళ్ళీ ఆకులు దూయడం మొదలుపెట్టింది. గిన్నె నిండిపోయింది. నిండినా ఇంకా దూస్తూనే ఉంది.

"నాతో ఒక్క మాట అనలేదు," అంది చివరికి.

"చెబుదామనే అనుకుని ఉంటారు. మరిచిపోయి ఉంటారు."

"మా అక్క సంగతి నీకు తెలియదు. నేను వచ్చిన రోజే అంది, పొయ్యి దగ్గర చోటు నాది, నువ్వు కిటికీ దగ్గర కూర్చో అని. మూడేళ్ళు కిటికీ దగ్గరే కూర్చోబెట్టింది. అలాంటిది ట్రామెక్కి ఆఫీసుకెళ్ళి, లైన్లో నించుని, నా పేరు రాయించిందా?" ఆవిడ ఇంకో కాడ అందుకుంది. "చెబితే నేనెక్కడ థాంక్స్ చెబుతానో అని భయపడి ఉంటుంది."

ఐలర్ట్ నిండిన గిన్నె తీసి పక్కన పెట్టాడు.

"పద్నాలుగేళ్ళురా. దాని పేరు మోశాను, దాని వయసు మోశాను. అందరికీ కేకులు పెట్టి, ముసలితనంలో హెర్మీన మంచిదైపోయిందని పేరు కూడా తెచ్చాను దానికి. నా ఇంట్లో నేను దొంగలా ఉన్నాను." ఉన్నట్టుండి ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏప్రన్‌తో కళ్ళు ఒత్తుకుంది. "ముసలి మేక. పక్కన కూర్చుని తిన్నంత కాలం నోరు విప్పలేదు."

కాస్త తేరుకున్నాక, "సరే, ఇప్పుడు నన్ను బతికించు," అంది.

"ఏమిటండీ?"

"హక్కు నా పేరు మీద ఉందిగా. హెర్మీనను చంపెయ్, బేకెను బతికించు. ఇక ఎనభై రెండేళ్ళ మనిషిగా హాయిగా ఉంటాను. వందేళ్ళ మనిషిలా కూర్చోవాలంటే నడుం పడిపోతోంది."

"చనిపోయినవాళ్ళను బతికించడానికి ఫారం లేదండి."

"మీ ఆఫీసులో లేని ఫారమా? వెతుకు."

సోమవారం ఐలర్ట్ రోడెవాల్డ్ గదిలోకి వెళ్ళి, బల్ల మీద కార్డు పెట్టి, ఉన్నదంతా చెప్పేశాడు. శవం, సారా, చూపానని డాక్టరు, శ్మశానం, ఏదీ దాచలేదు. ఉద్యోగం పోతుందనుకున్నాడు. పోతే పోనీ అని కూడా అనుకున్నాడు, అది అతనికే కొత్తగా ఉంది.

రోడెవాల్డ్ కార్డు చూశాడు. గోడ మీద పటం చూశాడు. ఆ పటం పక్కనే చట్రం కట్టించి పెట్టిన పేపరు కత్తిరింపు చూశాడు. అందులో ఆయన, పూలు.

"అంటే నేను పూలిచ్చింది..."

"ఎనభై ఒక్క ఏళ్ళావిడకండి."

"డాక్టర్ ఓస్మర్స్ ఆ ఫొటోను ఎన్నికల కరపత్రం మీద వేసుకున్నాడు."

"అవునండి."

రోడెవాల్డ్ రిటైర్ కావడానికి ఏడు నెలలుంది. ఆయన సొరుగు తెరిచి కార్డు అందులో వేసి తాళం పెట్టాడు.

"బ్రూనింగ్, నువ్వు ఈ కార్డు చూడలేదు. నేనూ చూడలేదు. ఆవిణ్ణి నూట రెండు, నూట మూడు, ఎంతదాకా వీలైతే అంతదాకా బతకమను. ఎరువు గుంట జోలికి మాత్రం వెళ్ళొద్దను."

"మరి రోడ్డు సంగతండి?"

"ఏ రోడ్డు?" అన్నాడు రోడెవాల్డ్, విసుగ్గా. "లారీల సరుకంతా ఇనప కంటైనర్ పెట్టెల్లో పెట్టి, నది దిగువ రేవులో దింపుకుంటున్నారు. ఆ మైదానం ఇప్పుడెవడికి కావాలి? నాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. నాకూ నడుం నొప్పి."

ఈ మాట మోసుకొచ్చి చెబితే బేకె చాలాసేపు తిట్టింది. రోడెవాల్డ్‌నూ, ఓస్మర్స్‌నూ, వాళ్ళను కన్నవాళ్ళనూ. ఆ పైన కోటు వేసుకుని, "నన్ను శ్మశానానికి తీసుకెళ్ళు," అంది. రాయి ముందు చాలాసేపు నిలబడింది. ఐలర్ట్ దూరంగా ఉండిపోయాడు. ఏమందో వినలేదు కానీ, ఈసారి తిట్లలా లేవు. ఇంటికొచ్చాక కుర్చీని కిటికీ దగ్గర్నుంచి లాగి పొయ్యి పక్కన వేసుకుంది.

ఆపైన మూడేళ్ళు హెర్మీనగానే ఉంది. ఏటా పూలొచ్చాయి. 1994 ఫిబ్రవరిలో, మంచు కురుస్తున్న ఒక ఉదయం, పొయ్యి పక్కన ఆ కుర్చీలోనే పోయింది. కాగితం మీద నూట నాలుగు, నిజానికి ఎనభై ఆరు. ఐలర్ట్ ఫారం తీసి మొదటిసారి "లేదు" దగ్గర టిక్కు పెట్టాడు. కలం రెండుసార్లు ఆగిపోయింది. చలికి సిరా గడ్డకట్టిందని తనకు తనే చెప్పుకున్నాడు.

శిలాఫలకం చెక్కేవాడు పాత పేరు కింద కొత్త పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు అడిగాడు. హిన్నెర్క్, ఐలర్ట్ మొహాలు చూసుకున్నారు. ఆ రాయి తీయించేసి కొత్త రాయి పెట్టించారు. హెర్మీన, బేకె, లూర్స్ అక్కాచెల్లెళ్ళు. సంవత్సరాలు లేవు. ఎవరు ఎవరన్నది వాళ్ళిద్దరే తేల్చుకుంటారు అన్నాడు హిన్నెర్క్.

నెల తిరక్కుండా యంత్రం వచ్చింది. కూల్చడానికి ముప్పావు గంట పట్టింది. ట్రాము కిటికీ అద్దం మాత్రం పగల్లేదు, దాన్ని డ్రైవరు పట్టుకెళ్ళాడు. ఐలర్ట్, హిన్నెర్క్ కంచె దగ్గర నిలబడి, చావుకు చేసే వెన్న కేకు మిగిలినది తింటూ చూశారు. దుమ్ము తగ్గాక హిన్నెర్క్ చేతులు దులుపుకున్నాడు.

"ఇక నా ఒక్కడి కోసమే రావాలన్నమాట."

"అవునండి. ఏప్రిల్‌లో వస్తాను."

"నాకు కాఫీ పెట్టడం రాదురా."

"నేను ఫ్లాస్కులో తెచ్చుకుంటాను."

"కేకో?"

"చూద్దాం లెండి," అన్నాడు ఐలర్ట్, సైకిలు తీసుకుంటూ.